దూపగొన్న బండి

మాఘ బహుళ అమావాస్య... ఆదివారం... సూర్యుడు నడినెత్తిన నిప్పుల కుంపటిలా నిలిచిన వేళ!

కొత్తకోట దాటాక బెంగుళూరు రోడ్డు పక్కన మూతబడిన వడ్లమిల్లు ఒకటి ఉంది. దాని వెనక తుప్పుపట్టిన రేకుల కొట్టం. ఏళ్ల తరబడి ఆ కొట్టం తలుపు ఎవరూ తెరవలేదు. ఆ మధ్యాహ్నం అది కిర్రుమంటూ తెరుచుకున్న మరుక్షణం... దూలం మీద ముడుచుకుని ఉన్న గుడ్లగూబ కళ్లు విప్పింది. పట్టపగలు, భళ్లున ఎండ కాస్తుండగా, అది గొంతెత్తి కూసింది!

మిల్లు యజమాని రాములు గుండె ఝల్లుమంది.

"సంధ్యా... జర ఆగు బిడ్డా. లోపటికి పోకు."

సంధ్య అప్పటికే లోపల ఉంది. మేనమామ మాట ఆమె చెవిన పడలేదు. దుమ్ముకొట్టుకుపోయిన గోనెపట్టాలు ఒక్కొక్కటే లాగేసింది. వాటి కింద... పాత బుల్లెట్! కుడివైపు గేర్లు, నల్లగా మాడిన ఇంజను, ఎలుకలు కొరికిన సీటు. పెద్ద హెడ్‌లైటుకు పైన అటూ ఇటూ రెండు చిన్న దీపాలు. దుమ్ము తుడవగానే అవి తననే చూస్తున్న కళ్లలా మెరిశాయి.

"ఎవరిది మామా గిది?" అంది సంధ్య, ఊపిరి బిగబట్టి.

"కాటమయ్య అని, గా గుట్ట మీద మందులిచ్చే ముసలాయన ఉంటడు. పెండ్లాం సచ్చిపోయినంక ఈడ పెట్టిపోయిండు. 'ఎవలన్నా ఆడపిల్ల వచ్చి అడిగితె ఊకెనే ఇయ్యి, మొగోనికి మాత్రం ఇయ్యకు' అన్నడు. ఆడపిల్లే ఎందుకో నాకు సమజ్ గాలె."

"నా కోసమే పెట్టినట్టుంది," అని నవ్వింది సంధ్య.

ఆమె చదివింది నల్గొండ పాలిటెక్నిక్‌లో. చౌటుప్పల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం. పాత బండి ఒకటి సంపాదించి, తన చేతులతోనే విప్పి, తన చేతులతోనే బిగించి, తనకు నచ్చినట్టు తీర్చిదిద్దుకుని, దాని మీద డ్యూటీకి పోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఆ ఆనందంలో ఆమె ట్యాంకు మీద అరచేయి ఆనించింది.

సరిగ్గా అదే క్షణాన... అక్కడికి ఆమడ దూరంలో, ఒక గుట్ట మీది రాతిగుహలో, ఒక ముసలివాడు చప్పున కళ్లు తెరిచాడు!

వాడే కాటమయ్య! ఎముకల గూడులాంటి దేహం, జడలు కట్టిన తల, చింతనిప్పుల్లాంటి కళ్లు. బాణామతిలో ఆరితేరిన క్షుద్రోపాసకుడు. మృత్యువును జయించాలన్న దురాశతో వాడు ఒకనాడు కట్టుకున్న భార్యనే బలి ఇచ్చాడు. ఆమెను మెడ దాకా మట్టిలో పూడ్చి, దాహంతో అలమటించి అలమటించి ప్రాణం విడిచేదాకా ఎదురుగా కూర్చుని మంత్రం జపించాడు. ఆమె కపాలాన్ని, దానితోపాటు ఆమె ప్రేతాత్మను, తను తిరిగే బండిలోనే బంధించాడు.

వాడు కొలిచే క్షుద్రదేవత ఆ రోజు చెప్పిన మాట ఇది... "మృతయంత్రానికి ఒక స్త్రీ తన చేతులతో ప్రాణం పోయాలి. సూర్యగ్రహణ వేళ ఆ స్త్రీ ప్రాణాన్ని నీ దాసి తాగాలి. అప్పుడు నీకు మరణం లేదు! కానీ జాగ్రత్త... నీ దాసిని పేరుపెట్టి పిలిచే నోరు లోకంలో ఉండకూడదు. పేరు తెలిసిన నాడు ఆమె నీది కాదు!"

ఆ పేరును కాటమయ్య తన నోట మళ్లీ పలకలేదు. విన్నవాళ్లూ మరిచిపోయారు.

"చెయ్యి పడ్డది...! ఆడదాని చెయ్యి పడ్డది!" గుహ దద్దరిల్లేలా వాడి వికటాట్టహాసం మార్మోగింది.

* * *

డీసీఎం వ్యానులో బండి నల్గొండ చేరింది. సంధ్య అత్తగారిది పద్మశాలీల వాడ. భర్త పరమేష్ ఆమెకు వరసకు బావే. ముందుగదిలో మగ్గం మీద పని చేసుకునే నెమ్మదస్తుడు. అతని తల్లి వెంకటనర్సమ్మ వాకిట్లో దిగిన ఆ తుప్పు గుట్టను చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందే బిడ్డా, శవాన్ని తెచ్చినట్టు తెచ్చినవ్!"

"బతికిస్త అత్తమ్మా, సూడు!" అంది సంధ్య.

కొన్నాళ్లకే కరోనా మహమ్మారి వచ్చింది. ఫ్యాక్టరీ మూతబడింది. వీధులు నిర్మానుష్యమయ్యాయి. వాకిట్లో వేపచెట్టు కింద, రేకుల నీడన, సంధ్య ఒక్కతే ఆ ఇనుప కళేబరంతో మిగిలింది.

ముక్క ముక్క విడదీసింది. బిగుసుకుపోయిన పిస్టన్‌ను కిరోసిన్‌లో నానబెట్టి, చెక్కసుత్తితో తట్టి తట్టి కదిలించింది. కార్బురేటర్‌లో జిగురులా పేరుకున్న పాత పెట్రోలును సన్నతీగతో తోడింది. చాసిస్‌ను ఉప్పుకాగితంతో రుద్ది ఎర్రటి ప్రైమర్ కొట్టింది. వెడల్పాటి పాత హ్యాండిల్ తీసేసి తన ఎత్తుకు తగ్గది బిగించింది. పరమేష్ సైతం సరదాపడి, సీటు తొడుగు కోసమని, ముడులు కట్టి నీలం, తెలుపు రంగులద్దిన చిటికీ నూలుతో చిక్కటి గుడ్డ నేశాడు.

అప్పుడు జరిగింది అది... ఇంజను పలకలు శుభ్రం చేస్తుండగా ఒక పదునైన అంచు ఆమె అరచేతిని చీల్చింది. నెత్తురు బొటబొటా ఇనుము మీద పడింది. తుడుద్దామని గుడ్డ అందుకుని తిరిగేసరికి... ఒక్క చుక్క లేదు! నెత్తుటినంతా ఇనుము పీల్చేసింది! బ్యాటరీయే లేని ఆ బండి మీటరులో ముల్లు గజగజా వణికి... ఆగిపోయింది.

కళ్లు భ్రమించాయనుకుంది సంధ్య. చేతికి గుడ్డ చుట్టుకుని మళ్లీ పనిలో పడింది.

ఆ సాయంత్రం నుంచే ఆమెకు దాహం మొదలైంది.

బిందెడు తాగినా తీరని దాహం! గొంతు బీటలువారిన చెరువులా ఎండిపోయేది. అన్నం సయించదు. కళ్ల కింద నల్లటి వలయాలు. అయినా చేతులు మాత్రం ఆగవు. బండి నిగనిగలాడుతున్న కొద్దీ ఆమె కృశించసాగింది. ట్యాంకుకు వేసిన ఆకాశనీలం రంగు తెల్లారేసరికి ఎండిన నెత్తురులా ముదిరి కనిపించేది. రుద్ది మళ్లీ వేసేది. మళ్లీ అదే!

పరమేష్ బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పరీక్షలన్నీ చేసి రోగం ఏమీ లేదన్నాడాయన.

"ఇడిసిపెట్టు సంధ్యా. పానం మీదికి తెచ్చుకుంటున్నవ్," అని బతిమాలాడు పరమేష్.

"ఇంకొంచెమే బావా... వైరింగు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆపితె అది ఏడుస్తది."

"ఏది ఏడుస్తది?"

ఆమె మళ్లీ పనిలోకి వంగింది. తను ఎందుకలా అన్నదో ఆమెకే తెలియదు.

వైరింగు కోసం హెడ్‌లైటు డొప్ప విప్పాలి. అంతకాలం తుప్పుతో బిగుసుకుపోయి ఎంతకూ ఊడని ఆ డొప్ప, ఆ సంధ్యవేళ, వేలు తగలగానే తనంత తానే ఊడి చేతిలోకి వచ్చింది. గుప్పున శ్మశానధూపం వాసన! లోపల నల్లగుడ్డ మూట. ముడి విప్పితే... పసుపు, కుంకుమ పూసి, మేకులు దిగేసి, ఆడదాని వెంట్రుకలు చుట్టిన కపాలం!

సంధ్య కెవ్వుమన్న కేక వాడంతా వినిపించింది.

పరమేష్ మగ్గం మీద నుంచి దూకి పరిగెత్తుకొచ్చాడు. నేల మీద కూలబడిన సంధ్య తలెత్తి చూసింది. ఆ చూపు ఆమెది కాదు! ఆ గొంతు ఆమెది కాదు!

"దూప... దూపైతాంది... గుక్కెడు నీళ్లు పొయ్యిన్రి... దూప...!"

జుట్టు విరబోసుకుని, గోళ్లతో మట్టిని గీరుతూ, మెడ దాకా పూడుకుపోయినదానిలా తల మాత్రమే అటూ ఇటూ కొట్టుకుంటోంది. దగ్గరికి వెళ్లిన పరమేష్‌ను ఒంటిచేత్తో విసిరేసింది. అతను గోడకు తగిలి కిందపడ్డాడు. అక్కడి నుంచే రాములుకు ఫోన్ కలిపాడు.

"మామా! బండిల పుర్రె ఉన్నది! సంధ్యకు దయ్యం పట్టింది! ఏం జెయ్యాలె?"

అవతల రాములు గొంతు తడబడింది. "బండి ఇచ్చినాయన్నే అడుగుదాం. కాటమయ్యకు మంత్రాలొచ్చు అంటరు. పంపిస్త... ఫికర్ జెయ్యకు."

కానీ వెంకటనర్సమ్మ మాత్రం ఫోన్ల కోసం చూడలేదు. వేపమండలు తెమ్మని కేకలు వేయలేదు. ఆమె మెల్లగా నీళ్లచెంబు పట్టుకుని వచ్చి కోడలి పక్కన కూర్చుంది.  నీళ్లు నోటికి అందించింది. చెంబు ఖాళీ. మళ్లీ నింపింది. మళ్లీ ఖాళీ.

"తాగు బిడ్డా... నిమ్మలంగ తాగు. ఎవల పిల్లవు నువ్వు? ఎవలు నిన్ను గిట్ల జేసింది?"

ఎర్రటి కళ్లు ఆమెను విస్మయంగా చూశాయి. ఇన్నేళ్లలో ఆ ప్రేతాన్ని అలా అడిగినవాళ్లు లేరు!

"నా మొగడే... మట్టిల పూడ్చిండు... నీళ్లడిగితె నవ్విండు... పేరు సుత గుంజుకున్నడు..."

"పేరెట్ల పోతది బిడ్డా? మీ అమ్మ ఏమని పిలుస్తుండె? యాది జేసుకో."

తల కొట్టుకోవడం ఆగింది. ఆ తర్వాత, ఎక్కడో పాతాళం నుంచి వచ్చినట్టు, సన్నటి ఏడుపులో ఒక పేరు వినిపించింది.

"అండాలు..."

అంతే! సంధ్య స్పృహ తప్పి అత్త ఒడిలో ఒరిగిపోయింది.

* * *

జ్యేష్ఠ అమావాస్య! మళ్లీ ఆదివారం! చూడామణి సూర్యగ్రహణం!

గ్రహణం పట్టడానికి ఇంకాస్త సమయం ఉందనగా వాకిలి ముందు ఆటో ఆగింది. భుజాన జోలె, చేతిలో దండం, మొహానికి మాస్కులా కట్టుకున్న నల్లగుడ్డ. దాని పైన ఆ నిప్పుకళ్లు!

లోపల, ఆ రోజు నుంచీ మంచం మీదే పడి ఉన్న సంధ్య ఒక్కసారిగా లేచి మూలకు నక్కింది. "వచ్చిండు... వచ్చిండు...!" అని చిన్నపిల్లలా వణికిపోయింది.

వెంకటనర్సమ్మకు అర్థమైపోయింది. గడపకు అడ్డంగా చేతులు చాపింది. "పరమేషా! గీడే పెండ్లాన్ని సంపినోడు! రానియ్యకు!"

కాటమయ్య పరమేష్ కళ్లలోకి సూటిగా చూశాడు. "మీ అమ్మకు సుత సోకింది. గ్రహణం ఇడిసేలోపట దించకపోతె నీ పెండ్లాం దక్కదు. ఆలోచన జేసుకో."

పరమేష్ సంధ్య వైపు చూశాడు. పుల్లల్లాంటి చేతులు, లోతుకు పోయిన కళ్లు... అతని మనసు భయంతో మొద్దుబారింది. కన్నీళ్లు కారుస్తూనే తల్లిని మగ్గం గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టాడు.

"నువ్వు గేటు అవుతల నిలబడు. ఏం ఇనబడ్డా లోపటికి రాకు!" అన్నాడు కాటమయ్య.

ఆకాశంలో రాహుగ్రస్తుడైన సూర్యుడు క్షీణించసాగాడు. వెలుగు బూడిదరంగుకు తిరిగింది. వేపాకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగుచుక్కలన్నీ వంకర కొడవళ్లయ్యాయి! కాకులు గూళ్లకు మళ్లాయి. కుక్కలు మోరలెత్తి ఏడ్చాయి. ఎక్కడో పడమట మబ్బు ఫెళఫెళా ఉరిమింది.

కాటమయ్య బండి చుట్టూ చితాభస్మంతో ముగ్గు గీశాడు. కపాలాన్ని ట్యాంకు మీద నిలిపాడు. సంధ్యను లాక్కొచ్చి సీటు మీద కూర్చోబెట్టి, మంత్రించిన నల్లతాడుతో ఆమె రెండు మణికట్లనూ హ్యాండిల్‌కు కట్టేశాడు.

"తన్ను! కిక్కు తన్ను! నీ కాలితోనే దీనికి పానం రావాలె!"

ఆమె కాలు ఆమె మాట వినలేదు. కిక్కర్ మీద పడింది.

ధడ్... ధడ్... ధడ్... ధడ్...!

ఇన్నేళ్ల మృత్యునిద్ర నుంచి ఇంజను మేల్కొంది. గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంది! ఒక్కో చప్పుడుకూ సంధ్య ఒంట్లోంచి నెత్తురు తోడేసినట్టు ఆమె ముఖం పాలిపోయింది. రెండు చిన్న దీపాలూ ఎర్రగా వెలిగాయి.

"తాగవే దాసీ! దీని పానం తాగు! ఇగ నాకు సావు లేదు... సావే లేదు!"

"బావా...! అత్తమ్మా...!" తనదైన గొంతుతో, ఆఖరి శక్తినంతా కూడదీసుకుని సంధ్య అరిచింది.

ఆ అరుపు గేటు బయట ఉన్న పరమేష్ గుండెను చీల్చింది. అది దయ్యం అరుపు కాదు, తన సంధ్యది! అతను గేటు దూకి వచ్చాడు. భస్మరేఖను తాకగానే పిడుగు పడ్డట్టు ఎగిరి అవతల పడ్డాడు. మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి మగ్గం గది గొళ్లెం తీశాడు.

"అమ్మా... తప్పయింది... మనకు నువ్వే దిక్కు!"

వెంకటనర్సమ్మ కొడుకును పల్లెత్తు మాట అనలేదు. నీళ్లబిందె చంకనెత్తుకుని వాకిట్లోకి నడిచింది. కాటమయ్య దండం ఎత్తి గర్జించాడు.

"గీత దాటితె బూడిదైతవు ముసలిదానా!"

ఆమె గీత దగ్గరే ఆగింది. గుండె నిండా ఊపిరి తీసుకుని, అమ్మ బిడ్డను అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"అండాలూ...! బిడ్డా అండాలూ...! దా... నీళ్లు దాగుదువు దా...!"

కాటమయ్య చేతిలోని దండం జారిపోయింది. "ఆ పేరు... ఆ పేరు నీకెవలు చెప్పిన్రు!"

ఆమె బిందెను రెండు చేతులా ఎత్తి నీళ్లు విసిరింది. నీళ్లు పడ్డచోట భస్మరేఖ కరిగిపోయింది. కపాలం మీద పడ్డ నీళ్లు సుయ్యిమని ఆవిరయ్యాయి. దిగేసిన మేకులన్నీ టపటపా ఊడి, కపాలం ముక్కలై నేల రాలింది! ఫెళ్లుమని ఉరుము! భూమ్యాకాశాలు ఏకం చేస్తున్నట్టు సుడిగాలి! ఆ గాలిలో ఒక స్త్రీ ఏడుపు మొదలై... ఏడుపు నవ్వయి... నవ్వు ప్రళయగర్జన అయింది!

సంధ్య చేతుల తాడు తనంత తానే విడిపోయింది. పరమేష్ ఒక్క అంగలో వెళ్లి ఆమెను గుండెలకు హత్తుకుని కిందికి దించాడు.

"ఆగు! నా దాసివి నువ్వు! నేను కట్టిన దానివి!" కాటమయ్య వెర్రిగా కేకలు వేస్తూ బండి మీదికి ఎగబాకి హ్యాండిల్ పట్టుకున్నాడు. అదే వాడి చివరి పొరపాటు! నల్లతాడు కాలసర్పంలా లేచి వాడి మణికట్లకు చుట్టుకుంది. గేరు దానంతటదే పడింది. బండి ముందు చక్రం గాల్లోకి లేచి, గేటును బద్దలు కొట్టుకుని వీధిలోకి దూకింది!

గ్రహణానికి జడిసి తలుపులు మూసుకున్న పట్టణం నడుమ, మనిషి లేని రోడ్ల మీద, ఆ బండి పానగల్లు దిక్కుకు నిప్పులు చిమ్ముతూ దూసుకుపోయింది. ఇంజను వేడి వాడి కాళ్లను కాల్చింది. ఎదురుగాలి వాడి నోట్లో తడినంతా పీల్చేసింది. నాలుక పిడచకట్టింది. పెదాలు పగిలాయి. ఊరు దాటి, పొలాలు దాటి, రాళ్లు తవ్వి వదిలేసిన క్వారీలోకి బండి దిగింది. దిగి... గుండ్రంగా తిరగసాగింది. తిరిగి తిరిగి తిరిగి...

"దూప... దూపైతాంది... నీళ్లు..." కాటమయ్య గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. ఇన్నేళ్లుగా పలకని పేరు ఆఖరుకు వాడి నోటే వచ్చింది. "అండాలూ... నీ కాళ్లు మొక్కుత... గుక్కెడు నీళ్లు..."

జవాబుగా వాడి చెవి పక్కనే ఒక ఆడగొంతు నెమ్మదిగా నవ్వింది. సరిగ్గా ఆనాడు వాడు నవ్వినట్టే!

* * *

గ్రహణం విడిచింది. కుండపోతగా వాన కురిసింది.

వాన వెలిశాక క్వారీ దగ్గరికి పోయినవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచే దృశ్యం కనిపించింది. క్వారీ నిండా మోకాలిలోతు నీళ్లు. ఆ నీళ్ల నడుమ ఒక శవం. ఏళ్ల తరబడి ఎండలో పడేసినట్టు వరుగులా ఎండి, ముడుచుకుపోయి ఉంది! తెరిచిన నోటి నిండా పొడిమట్టి! బండి మాత్రం పక్కనే స్టాండు మీద, గీత పడకుండా నిలబడి ఉంది. వానకు కడిగినట్టు ట్యాంకు ఆకాశనీలంగా మెరుస్తోంది. పోలీసులు ప్రమాదమని రాసుకుని, బండిని ఇంటికి పంపారు.

సంధ్య మెల్లమెల్లగా కోలుకుని, మిగిలిన వైరింగు పూర్తిచేసింది. పరమేష్ చాలా రోజులు తల్లి ముఖం చూడలేకపోయాడు. ఒకనాడు ఆమే అన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టింది. "భయపడ్డవు. అయినా మళ్లొచ్చి గొళ్లెం దీసినవ్ గద. తిను," అంది.

ఆషాఢంలో ముగ్గురూ కలిసి కపాలపు ముక్కలను వాడపల్లికి తీసుకుపోయారు. కృష్ణ నిండుగా పారుతోంది. కన్నకూతురికి చేసినట్టు వెంకటనర్సమ్మ దగ్గరుండి అన్నీ చేయించింది. మూట నీళ్లలో మునిగిపోతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒడ్డున ఆపిన బుల్లెట్ వైపు పరమేష్ భయంగా చూశాడు. "సంధ్యా... గీ బండిని సుత ఎవలికన్న తుక్కుకు ఏసేద్దామా?"

 సంధ్య దగ్గరికి వెళ్లి హ్యాండిల్ మీద చేయి వేసింది. ఇనుము చల్లగా, మామూలుగా ఉంది. ఏ వణుకూ లేదు.

"దీన్ల ఉన్నామె ఎల్లిపోయింది బావా. సంపినోడు పోయిండు. ఇగ మిగిలింది నా చెమట ఒక్కటే. దాన్నెట్ల తుక్కుకేస్త?"

కిక్కర్ మీద కాలుపెట్టి బలంగా తన్నింది. ఇంజను అందుకుంది. పరమేష్ తన స్కూటీ తీశాడు. వెంకటనర్సమ్మ మాత్రం స్కూటీ వైపు పోలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని కోడలి వెనక, కొడుకు నేసిన ఆ చిటికీ సీటు మీద కూర్చుని, ఆమె నడుము గట్టిగా పట్టుకుంది.

"పోనియ్యి బిడ్డా," అంది. "జర జోరుగ పోనియ్యి... ఎట్లుంటదో సూద్దాం!"